అక్క హెల్త్ ఫారం నేను నింపిన ఆదివారం

ఎడారి దేశాలకు గుంపుగా వెళ్ళాలనుకునేవాళ్ళు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్నారు, ఏ మందులు పట్టుకెళ్ళాలి, ఏ ఇంజెక్షన్లు వేయించుకోవాలి అని. తొంభైల్లోనే ఈజిప్టు వెళ్ళొచ్చినవాణ్ణి, పైగా కొత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స బాధ్యతలు చూసినవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. తెలుసు. చెప్తాను కూడా. కాకపోతే ఆ జాబితాతో పాటు, దాన్ని అడ్డం పెట్టుకుని నేను చేసిన పని కూడా చెప్పాలి. అది మింగేసి జాగ్రత్తలు మాత్రం చెబితే నాకే సిగ్గుగా ఉంటుంది.

ఆ ప్రయాణం అనుకున్నది నేను కాదు, మా అక్క రాజ్యలక్ష్మి. శంషాబాద్ హైస్కూల్లో సోషల్ టీచరు. బావగారు పోయాక మా ఇంట్లోనే పక్క వాటాలో ఉండేది. పేపర్లో ఈజిప్టు టూరు ప్రకటన చూసి, కత్తిరించి, నా టిఫిన్ బాక్సు కింద పెట్టింది. "ఇరవై ఆరేళ్ళ నుంచి ఆ సహారాని పసుపు సుద్దముక్కతో బోర్డు మీద గీస్తున్నానురా. ఎవరో చూసింది నేను చూసినట్టు చెప్తున్నా. ఒక్కసారి ఆ ఇసుకలో నిలబడి వస్తే చాలు," అంది. అక్క ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. పిల్లల పరీక్షలున్నాయని మా ఆవిడ రానంది కాబట్టి అక్కా నేనూ పేర్లు ఇచ్చాం. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ కాలనీ. కాలనీ సంఘం సెక్రటరీ ప్రసాదరావు గారు పూనుకుని మొత్తం ఇరవై రెండు మందిని కూడగట్టారు. సిటీలో ఏజెంటుతో మాట్లాడింది కూడా ఆయనే.

బయలుదేరడానికి నెల ముందు ఒక ఆదివారం ఆరోగ్య ఏర్పాట్లకని కేటాయించుకున్నాం. పొద్దున ఏడింటికల్లా బస్టాండు పక్కన డాక్టరు గారి దగ్గర వరస కట్టాం. టీటీ ఇంజెక్షను మనిషికి పదిహేను రూపాయలు, టైఫాయిడ్‌ది వేరే. మీరు వెళ్ళేటప్పుడు కూడా ఇవి చివరి వారానికి పెట్టుకోకండి, జ్వరం వస్తే తగ్గడానికి వ్యవధి ఉండాలి. ఆ డాక్టరు గారు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద స్టాంపు గుద్దడం చూసి తీరాలి. స్టెతస్కోపు మెడలోంచి కిందకి దిగలేదు, ఇరవై రెండు కాగితాలు మాత్రం పావుగంటలో అయిపోయాయి. అక్క ఒక్కతే, "ఒకసారి షుగరు చూడండి డాక్టరు గారూ," అని అడిగి మరీ చూపించుకుంది. "కంట్రోల్లోనే ఉందమ్మా, నిక్షేపంగా వెళ్ళిరండి," అన్నాడాయన. ఆ మాట నా చెవులతో నేను విన్నాను.

అక్కణ్ణుంచి ప్రసాదరావు గారింటికి చేరి ఇడ్లీలు తిన్నాం. పదింటికి ఏజెంటు పంపిన హెల్త్ ఫారాలు బయటికి వచ్చాయి. రెండు పేజీలు, అన్నీ ఇంగ్లీషు. రేషన్ కార్డు దరఖాస్తయినా, బ్యాంకు కాగితమైనా మా కాలనీలో ఏ ఫారం వచ్చినా అది నా ముందుకే వచ్చేది. నా రాత బాగుంటుందని పేరు. చదువుకున్నవాళ్ళు కూడా తమ ఫారం తాము నింపుకునేవాళ్ళు కాదు, సంతకం పెట్టేసి "మీరు కానివ్వండి" అని ఇచ్చేసేవాళ్ళు. నాకూ అదొక గొప్ప. ఆ రోజు ఒక్కొక్కరినీ షుగరుందా, బీపీ ఉందా, ఆయాసముందా అని అడగడం, "ఏం లేదండీ, రాసేయండి" అనిపించుకోవడం, 'నో' అని రాయడం. ప్రసాదరావు గారైతే షుగరు మాత్ర నోట్లో వేసుకుంటూనే చెయ్యూపారు. ఆయన గడిలోనూ 'నో' అనే రాశాను. అక్క కాక, అక్కడ చేరినవాళ్ళలో తక్కువలో తక్కువ ఆరుగురికి షుగరుంది, అందరూ ఒకే మందుల షాపులో కొనేవాళ్ళే.

నాకు ఏడాది నుంచి బీపీ. రోజూ అర మాత్ర. ఆ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. నా ఫారంలోనూ 'నో' రాశాను. తర్వాతది అక్కది. ఆడవాళ్ళతో కలిసి ఓఆర్ఎస్ పొట్లాలు సంచులకు పంచుతోంది. "అక్కా, నీది రాసేస్తున్నా," అన్నాను. "రాసెయ్యరా," అంది, తలెత్తకుండానే. షుగరు గడి దగ్గర నా పెన్ను ఆగింది. 'యస్' అని రాశాను. పక్కన మందు పేరు కూడా రాశాను, మంచి రాతతో.

ప్రథమ చికిత్స తెలిసినవాణ్ణి, ఎడారిలో ప్రమాదం కదా, అక్క క్షేమం కోసమే రాశానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. అక్కడ అక్క కళ్ళు తిరిగి పడిపోతే హోటల్ గదిలో కూర్చోవలసింది నేనే, మిగతావాళ్ళు పిరమిడ్లు చూసొస్తుంటే నేను గ్లూకోజు కలుపుతూ ఉండాలి, అదీ నా మనసులో మెదిలింది. అక్కని తీసేస్తారని అనుకోలేదు, కానీ తీసేస్తే బావుండునని అనుకోలేదని మాత్రం గట్టిగా చెప్పలేను.

పదకొండింటికి కాదర్ వచ్చాడు. రియాద్‌లో ఏడేళ్ళు లారీ తోలి వచ్చి, శంషాబాద్‌లో వ్యాను కిరాయికి తిప్పుకునేవాడు. ఎడారి సంగతులు చెప్పమని అక్కే పిలిపించింది. వరండా మెట్టు మీద కూర్చుని అతను చెప్పినన్ని మంచి మాటలు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "దూప అయినంక నీళ్లు తాగుడు కాదన్నా, దూప కాకముందే తాగాలె. గంటకో గ్లాసు. ఉచ్చ పచ్చగొస్తుందంటే ఇగ పరేషానే. నెత్తికి తెల్ల బట్ట కట్టుకోండ్రి. బండి ఖరాబైతే బండి దగ్గర్నే ఉండాలె, నడుచుకుంట పోవద్దు," అన్నాడు. అక్క నోటుబుక్కు తీసి రాసుకుంటూ, అందరి ముందూ అడిగింది, "షుగరున్నవాళ్ళ సంగతేంటి కాదర్?" అని.

"మా మేస్త్రికి షుగరుండె అక్కా. ఆడనే ఏడేండ్లు చేసిండు, ఏం గాలె. టైముకు తింటుండె, జేబుల బిస్కెట్లు పెట్టుకుంటుండె, చెప్పుల్లేకుంట ఇసుకల అడుగు పెట్టకపోతుండె. గంతే," అన్నాడు కాదర్. అక్క ముఖం వికసించింది. నేను ఫారాల కట్ట సర్దుతున్నాను. ఆ కాగితం బయటికి లాగి కొట్టేసి మళ్ళీ రాయడానికి అర నిమిషం చాలు. లాగలేదు.

భోజనాలయ్యాక ప్రసాదరావు గారు కళ్ళజోడు పెట్టుకుని ఫారాలు తిరగేశారు. అక్కది వచ్చేసరికి ఆగిపోయి, పైకి చదివారు. "షుగరా? అమ్మా, టీచరు గారూ, ఇంత రిస్కు ఎందుకండీ మీకు? మీ ఒక్కరి వల్ల గుంపంతా ఇబ్బంది పడకూడదు కదా." అందరూ ఒక్కసారిగా అక్క క్షేమం తలకెత్తుకున్నారు. "అవునండీ, ఆరోగ్యం ముఖ్యం," అన్నారు ఆ ఆరుగురూ. అక్క ముందు కాగితం వైపు చూసింది, తర్వాత నా వైపు. అక్షరాలు ఎవరివో ఆమెకి చెప్పక్కర్లేదు. "డాక్టరు గారి దగ్గర చీటీ తెస్తాను," అంది. మర్నాడే తెచ్చింది కూడా. అప్పటికి ఆమె సీటు ప్రసాదరావు గారి బావమరిదికి వెళ్ళిపోయింది. ఆయన గుండెకి రెండేళ్ళ క్రితం ఆపరేషనైంది. ఆయన ఫారం నేనే నింపాను.

ఆ నెలంతా అక్క నాతో మాట్లాడింది, మాట్లాడకుండా ఉండలేదు. కూరేం చెయ్యమంటావు, కరెంటు బిల్లు కట్టావా, అంతవరకే. బయలుదేరే రోజు విమానాశ్రయానికి తనూ వచ్చింది. అప్పటికి శంషాబాద్‌లో విమానాశ్రయం ఊసే లేదు, ద్రాక్షతోటలూ, బెంగళూరు రోడ్డు మీద లారీలూ. బేగంపేట పోవాల్సిందే. కాదర్ వ్యాను రెండు వందల యాభైకి మాట్లాడుకుని పదకొండున్నరకి ఎక్కితే ఆరాంఘర్, మెహదీపట్నం, పంజాగుట్ట మీదుగా ఒంటిగంటకు దిగాం. బొంబాయి విమానం నాలుగింటికి.

గేటు బయట ఏజెంటు మనిషి జాబితా పట్టుకుని నిలబడ్డాడు. "రోజూ మందులు వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి సార్. దాచిపెడితే అక్కడ ఇన్సూరెన్సు రాదు, మేం తీసుకెళ్ళలేం," అన్నాడు. అందరూ ఒక్కసారిగా తమ సామాన్లు లెక్కపెట్టుకోసాగారు. ఊరగాయ డబ్బాల పెట్టె మోసుకొచ్చి నేను చెమటలు కక్కుతున్నాను. అతని చూపు నా మీద ఆగింది. "మీ ముఖం అంత ఎర్రబడిందేంటి సార్? బీపీ ఏమైనా ఉందా?"

నేను జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను. అక్క నా పక్కనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, నేనూ ఆమెతో పాటు కాదర్ వ్యానెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. నేనైతే అనేవాణ్ణి. "మా తమ్ముడికా? గుండ్రాయిలా ఉంటాడండీ," అంది అక్క. అతను నవ్వి పేరు టిక్కు పెట్టుకున్నాడు. అక్క నా జేబులో ఒక చిన్న కవరు దోపి, "పోదాం పద కాదర్," అని వెనక్కి తిరిగింది. విమానంలో విప్పి చూశాను. ఎవరైనా చూస్తారని నేను ఇంట్లోనే వదిలేసిన బీపీ మాత్రలు. పన్నెండు రోజులకీ లెక్కపెట్టి, రోజుకి సగం చొప్పున విరిచి పెట్టింది.

ఈజిప్టులో ఎవరికీ ఏమీ కాలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. షుగరువాళ్ళు ఆరుగురూ ఖర్జూరం తోటలో ఫొటోలు దిగారు, గుండె ఆపరేషనాయన ఒంటె కూడా ఎక్కాడు. ఇసుకలో నిలబడ్డప్పుడు చూడటానికి చాలానే ఉంది, నాకు చూడబుద్ధి కాలేదు. తిరిగొచ్చేటప్పుడు బుద్ధి లేక అక్కకి రెండు కిలోల ఖర్జూరాలు తెచ్చాను. షుగరుందని ప్రపంచానికి చాటినవాడు తెచ్చిన కానుక! ఆమె వాటిని స్టాఫ్‌రూములో పంచేసి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు షుగరుందని రాసినందుకు కాదురా నా బాధ. ఉన్నదే రాశావు. నీ కాగితంలో లేదని రాసి, నాదాంట్లో మాత్రం ఉందని రాశావు చూడు, అందుకు," అంది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మళ్ళీ తీసుకెళ్తానని నేను అంటూనే ఉన్నాను. మూడేళ్ళు తిరిగేసరికి షుగరు ఆమె కళ్ళ మీదికి వచ్చింది, ఆపరేషన్లు చేయించినా చూపు దక్కలేదు. ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. అదే వాటాలో ఉంటుంది, రేడియో వింటుంది, మనిషి అడుగుల చప్పుడు బట్టి పోల్చుకుంటుంది. మొన్న మా మనవడు జాగ్రఫీ పాఠం పైకి చదువుతుంటే సహారా దగ్గర ఆపి, "మీ తాతనడగరా, ఆయన చూశాడు," అంది. వాడు నా దగ్గరికి వచ్చి అడిగాడు. ఇసుక రంగు కూడా నాకు గుర్తు రాలేదు. నీళ్ళు, తెల్ల బట్ట, బూట్లు, రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకున్న మాత్రలు, ఇవన్నీ మీకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: మీ హెల్త్ ఫారం మీ చేత్తో మీరే నింపుకోండి. ఇంట్లోవాళ్ళది మీ చేతికి వస్తే, పెన్ను వాళ్ళకిచ్చి లేచి అవతలికి పోండి.