మైకమ్మ గొంతు బొంగురుపోయిన సంగతి

బస్టాండులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ మైకమ్మే. మేడమెట్ల పక్కనున్న అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏ కొట్టు ముందు ఏడుస్తున్నాడో చెప్పడం ఆమె ఉద్యోగం. ముఖం ఎరగనివాళ్ళు కూడా ఆ గొంతును ఎరుగుదురు. ఎవరినీ తొందరపెట్టేది కాదు. "సామాను చూసుకుని ఎక్కండి" అని ఆమె అంటే ఇంట్లో పెద్దక్క చెప్పినట్టుండేది. జనం నిజంగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు.

ఆమె భర్త అదే డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళికి ముందు ఆ గొంతు వినే మనసు పారేసుకున్నానంటాడు.

"బయల్దేరమని నువ్వు చెప్పినా, ఇంకోసారి చెబుతావేమోనని ఆగేవాణ్ణి" అనేది ఆయన పాత సరసం.

"అందుకేగా మీ బండి ఎప్పుడూ ఆలస్యం!" అనేది ఆమె జవాబు.

అన్నేళ్ళు పొగ, దుమ్ము మింగాక మైకమ్మకు ఉబ్బసం పట్టుకుంది. డాక్టరు పొద్దునా సాయంత్రం పీల్చమని స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశాడు. ఇంట్లో దాన్ని పంపు అంటారు. పీల్చిన ప్రతిసారీ నీళ్ళతో నోరు పుక్కిలించమన్నాడు. మొదట్లో ఆమె శ్రద్ధగానే చేసింది. తర్వాత డ్యూటీ హడావుడిలో పుక్కిలింత ఎగిరిపోయింది. గుమ్మం దాటుతూ పంపును నోట్లో ఒకసారి చిమ్ముకుని సంచిలో పడేసేది.

ఈ మధ్య ఆమెకు నిద్ర కరువైంది. పడుకున్న కాసేపటికే దగ్గు, దాంతో మెలకువ. తెల్లారేసరికి కళ్ళు చింతనిప్పులయ్యేవి. పక్క వీధిలో ఉండే వదిన, అంటే అన్నయ్య భార్య, లోకంలోని ప్రతి రోగానికీ చేతిసంచిలో మందు పెట్టుకు తిరిగే మనిషి.

"ఈ మాత్ర వేసుకో. జలుబుకీ దురదకీ ఇచ్చే మందుల్లాంటిదేనట, నిద్ర పట్టడానికి చీటీ లేకుండానే అమ్ముతారు. ఇది వేసుకుంటే నాకు మీ అన్నయ్య గురక కూడా వినపడదు" అంది.

మాత్ర పనిచేసింది. మైకమ్మ దుంగలా పడి నిద్రపోయింది. ఎంత హాయిగా అనిపించిందంటే, రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది. కానీ పొద్దున లేచేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోయేది. వేడివేడిగా ఏది తాగినా మంట. రానురాను గొంతు బొంగురుపోయింది. పొద్దెక్కినా తల దిమ్ము వదిలేది కాదు.

ఒకరోజు ఉదయం జనం కిటకిటలాడుతున్న వేళ, మొదటి ప్లాట్‌ఫారం మీదకు వచ్చిన బస్సు చివరి ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పింది. అంతే, పెట్టెలు నెత్తికెత్తుకుని జనమంతా అటు పరుగు. అద్దంలోంచి చూసి నాలిక్కరుచుకుని, సరిచేద్దామని మళ్ళీ మైకు అందుకుంది. మత్తులో మళ్ళీ అదే మాట చెప్పింది. కండక్టరు తలుపు తోసుకుని వచ్చాడు.

"మైకమ్మకి మైకం కమ్మిందిరోయ్!" అని అరిచాడు.

బస్టాండంతా ఘొల్లుమంది. మైకమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ ఆగలేదు. డ్రైవరు బండి ఆపాడు కాబట్టి ఎవరికీ బస్సు తప్పలేదు. చేతికర్ర ఊతంతో అటూ ఇటూ తిరిగిన ఒక పెద్దాయన మాత్రం అద్దం దగ్గర ఆగాడు.

"ఏమ్మా, పొద్దున్నే నాచేత వ్యాయామం చేయిస్తున్నావా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆమెకు మాత్రం భూమిలోకి కుంగిపోయినట్టయింది.

"గొంతు కుదుటపడేదాకా విచారణ కిటికీలో కూర్చోమ్మా" అన్నాడు సూపర్‌వైజరు మెత్తగానే. మైకు దగ్గరకు ఇంకొకరు వచ్చి, పాఠం అప్పజెప్పినట్టు బస్సుల పేర్లు చదవసాగారు. కిటికీలో కూర్చుని అది వినడం ఆమెకు కష్టమైంది.

"ఆ రెండు మందులకీ పడటం లేదు. స్టెరాయిడ్ అంటేనే విషం, ముందు ఆ పంపు అవతల పారెయ్" అని తేల్చేసింది వదిన.

మైకమ్మ సరేనని చెత్తబుట్ట దాకా వెళ్ళింది. భర్త చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బ్రేకు పాడైందో, క్లచ్చు పాడైందో చూడకుండా చక్రం ఊడదీస్తావేమిటి? రెండూ పట్టుకుని డాక్టరు దగ్గరికి పద."

డాక్టరు టార్చి వేసి నోరు చూశాడు. నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లటి పూత.

"ఈ రెండు మందులూ లోపల కొట్టుకుంటున్నాయాండీ?" అని అడిగింది మైకమ్మ.

"కొట్టుకుంటాయని మాకైతే తెలీదమ్మా. తోడికోడళ్ళు ఒక్కటై అత్తగారి మీద పడ్డట్టు, రెండూ కలిసి మీ నోటి మీద పడ్డాయి. పీల్చాక పుక్కిలించకపోతే నోట్లో ఇలా పూత వస్తుంది, గొంతూ బొంగురుపోతుంది. ఆ మాత్రేమో నోటిని ఎండగడుతుంది. ఎండిన నోట్లో పూత ఇంకా బాగా పాకుతుంది. దాని మత్తు కొందరికి తెల్లారినా దిగదు."

"అయితే పంపు మానెయ్యనా?"

"ఆ పని మాత్రం మీ అంతట మీరు చెయ్యకండి. ఏదీ, ఎలా పీలుస్తారో చూపించండి."

చూపించింది. మందు సగం పెదవుల పక్కనుంచి పొగలా బయటికొచ్చింది.

"డీజిలంతా రోడ్డు పాలే, ఇంజనుకి చేరితేగా!" అన్నాడు భర్త.

"అదే జరుగుతోంది. మందు ఛాతీకి అందక దగ్గు, దగ్గుతో మెలకువ. ఉబ్బసం అదుపులో లేదని ఒళ్ళు చెబుతుంటే ఈ మాత్ర దాని నోరు నొక్కేసింది" అన్నాడు డాక్టరు.

మాత్ర ఆపించి, పూతకు చుక్కల మందు రాశాడు. పంపుకు తగిలించుకునే ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, నెమ్మదిగా పీల్చి ఊపిరి బిగబట్టడం దగ్గరుండి నేర్పాడు.

మాత్ర లేని మొదటి రోజులు భారంగానే గడిచాయి. ఇంట్లో పుక్కిలింతకు భర్త కాపలా. ఆమె నీళ్ళు ఉమ్మేదాకా వంటగది గుమ్మంలో నిలబడి, అయ్యాక "రైట్, రైట్!" అనేవాడు. క్రమంగా దగ్గు తగ్గింది. దగ్గు తగ్గేసరికి నిద్ర పిలవకుండానే వచ్చింది. పూత పోయింది, తినేదానికి రుచి తెలిసింది. గొంతు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా, అలిగి పుట్టింటికి వెళ్ళిన కోడలిలా తిరిగొచ్చింది.

మళ్ళీ అద్దాల గదిలో కూర్చున్న రోజున, మొదటి బస్సు గురించి చెప్పడానికి ముందు ప్లాట్‌ఫారం ఏదో రెండుసార్లు సరిచూసుకుంది. చెప్పేసింది. ప్లాట్‌ఫారం సరైనదే. కండక్టరు అద్దం అవతలి నుంచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

వదిన మాత్రం ఓటమి ఒప్పుకోలేదు.

"నా మాత్ర వల్లేగా అసలు సంగతి బయటపడింది!" అంది.

మైకమ్మ వాదించలేదు. "నిజమే వదినా. వచ్చేవారం నాతోపాటు నువ్వూ రా, ఆ సంచిలో ఏమేం ఉన్నాయో డాక్టరుగారికి చూపిద్దాం" అంది.

వదిన సంచిని చంక కిందికి లాక్కుని, తర్వాత తనే నవ్వేసింది.