విడుదల కాని సినిమా చూసిన అంజినమ్మ

అంజినమ్మ దొంగ ప్రింటు చూసిందని కె.ఆర్.పురం సంతలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఆ మాట అబద్ధం. ఆమె మొగుడు అశ్వత్థప్ప ఆటోలో ఎవరో సినిమావాళ్ళ మనిషి పెన్‌డ్రైవు మరిచిపోయాడని, దాన్ని ఇంట్లో టీవీకి తగిలించి చూశారని ఇంకొందరంటారు. అదీ అబద్ధమే. ఆ ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవు పెట్టడం ఎవరికీ రాదు. రిమోటు వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టి నడుపుతున్న ఇల్లు అది. జరిగింది వేరు. ఆమె ఏమీ చూడలేదు. చూడకుండానే చెప్పింది. ఎందుకు చెప్పిందంటే, కుళ్ళు. ఉత్త కుళ్ళు. అది ఎవరి మీదో చెప్పాలంటే ముందు వఠారం సంగతి చెప్పాలి.

ఒకే వాకిలి చుట్టూ వరసగా ఇళ్ళుంటే అక్కడ దాన్ని వఠారం అంటారు. అందరికీ ఒకే కొళాయి, బట్టలారేసుకోవడానికి ఒకే మేడ. అంజినమ్మ సంతలో సొప్పు అమ్ముతుంది. సొప్పంటే ఆకుకూరలు. మధ్యాహ్నానికి గంప ఖాళీ అయిపోతుంది. ఆదివారం మాత్రం అశ్వత్థప్పని ఆటో తీయమని మ్యాట్నీకి పోవలసిందే. తెలుగు సినిమా అయితే మంచిది, కన్నడం అయినా సరే, అరవం అయినా పరవాలేదు. సోమవారం మధ్యాహ్నం వఠారంలో ఆడవాళ్ళంతా పనులు ముగించుకుని ఆమె గడప ముందు చేరేవాళ్ళు. కథ వినడానికి.

ఆమె చెప్పడం మామూలుగా ఉండేది కాదు. హీరోయిన్ చీర రంగు దగ్గర్నుంచి చెప్పేది. ఫైటొస్తే గరిటె తీసుకుని గిన్నె మీద కొట్టేది. విలన్ వచ్చేటప్పుడు వాయించే మ్యూజిక్కు కూడా నోటితోనే. నచ్చనిది ఉంటే మొహమాటం లేకుండా దాటేసేది. "ఆ పొట్టోని కామెడీ నేను చెప్పను పో. వానికే నవ్వు రాలే, నాకేం వస్తాది?" అనేది. "ఇప్పుడు హీరోలందరికీ గడ్డాలే కదప్పా, ఎవడు అన్నో ఎవడు తమ్ముడో పేర్లు పడేదాకా తెలీదు," అనేది. రెండున్నర గంటల సినిమా ఆమె నోట్లో రెండు మధ్యాహ్నాలు నడిచేది. పిల్లలతో, అత్తలతో థియేటరు మొహం చూడని నేత్రావతి లాంటి వాళ్ళకి అంజినమ్మే థియేటరు. ఎదురింటి సొన్నమ్మ నోటి దురుసు మనిషి, ఎవరినీ మెచ్చుకోదు. ఆమె కూడా ఇంటర్వెల్ దగ్గర ఆపితే, "చెప్పి చావవే," అని తొడ మీద గిల్లేది. ఆ గిల్లుడుకి అంజినమ్మ వారమంతా మురిసిపోయేది.

అలాంటి వఠారంలోకి జెస్సీ వచ్చింది.

గుంటూరు పిల్ల. వైట్‌ఫీల్డులో కంపెనీ ఉద్యోగం. మేడ మీద గదిలో అద్దెకు దిగింది. సగం రోజులు ఇంట్లోనే పని. మంచి పిల్ల, అందులో అనుమానం లేదు. పండగకి కేకు పంచుతుంది, సొన్నమ్మకి బీపీ మాత్రలు తెచ్చిపెడుతుంది. అంజినమ్మకి మొదట్లో ఆ పిల్ల మీద ఏ కోపమూ లేదు. కోపం ఒక శుక్రవారం మొదలైంది. జాతరలో బిడ్డ తప్పిపోయే సినిమా ఒకటి ఆ రోజే వచ్చింది. జెస్సీ పొద్దున ఆటకే వెళ్ళి వచ్చి, కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ చెప్పింది.

"టూ పాయింట్ సెవెన్ ఫైవ్ ఇస్తా ఆంటీ. ఫస్ట్ హాఫ్ ఓకే. సెకండ్ హాఫ్ కొంచెం ల్యాగ్. మ్యూజిక్ మాత్రం వేరే లెవెల్."

"అంటే ఏంమ్మా?" అంది అంజినమ్మ. "బిడ్డ దొరికినాడా లేదా?"

"ఏ బిడ్డ?"

"అదే, ట్రైలరులో జాతరలో తప్పిపోయినాడు కదా, ఆ బిడ్డ."

"ఓ, వాడా? దొరుకుతాడు ఆంటీ, క్లైమాక్స్‌లో."

అంతే. ఒక్క మాటలో అయిపోయింది. ఆ బిడ్డని అంజినమ్మ అయితే రెండు రోజులు దొరకనిచ్చేది కాదు. వాడికి జ్వరం తెప్పించి, తల్లి పక్క నుంచే నడిపించి, ఆ తల్లి చూడకుండా అటు తిరిగేలా చేసి, వింటున్నవాళ్ళ గుండెలు నలిపి నలిపి అప్పుడు దొరకనిచ్చేది. సోమవారం ఆమె నోరు తెరిస్తే నేత్రావతి మెల్లగా, "తెలుసక్కా, దొరుకుతాడంట," అంది. అంజినమ్మ తీసిన గరిటెని మళ్ళీ గిన్నెలో పడేసింది.

తర్వాత సీరియల్ కూడా పోయింది. రాత్రి టీవీలో రాబోయేదాన్ని అంజినమ్మ మధ్యాహ్నమే ఊహించి చెప్పేది. "చూస్తా ఉండు, ఆ ఆడబిడ్డ ఈ పొద్దు పాయసంలో ఏదో కలుపుతాది," అంటే అందరూ పందేలు వేసుకునేవాళ్ళు. జెస్సీ ఫోనులో ఆ రాత్రి ఎపిసోడ్ పొద్దున్నే వచ్చేస్తుందట. పాయసంలో ఏం కలిపిందో పది గంటలకే అందరూ చూసేశారు. అదంతా కలే అని కూడా చూసేశారు. "సీరియల్ అంటే రేపటికి ఎదురు చూసేది కదే, ముందే చూస్తే ఇంక దాంట్లో ఏముండాది?" అని అంజినమ్మ గొణిగింది. ఎవరూ వినలేదు. అందరి తలలూ ఆ ఫోను మీదే ఉన్నాయి.

ఆ తర్వాత జెస్సీకి ఇచ్చే మెంతికూర కట్టల్లో ఆకు తగ్గి వేర్లు పెరిగాయి. పాపం ఆ పిల్లకి కూర గురించి తెలియదు. "థ్యాంక్యూ ఆంటీ, భలే ఫ్రెష్‌గా ఉంది," అని తీసుకునేది. ఆ మాటకి అంజినమ్మకి ఇంకా మండేది.

అవరేకాయల కాలం వచ్చింది. అవరేకాయలంటే అనపకాయలు. అప్పుడే 'కొండమీద అక్కయ్య' ట్రైలరు కూడా వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట చెట్ల చుట్టూ పరిగెత్తిన హీరోయిన్ ఇప్పుడు అక్క వేషంలో మళ్ళీ వస్తోంది. వఠారంలో ఆడవాళ్ళంతా ఆమెతో పాటు పెద్దవాళ్ళయినవాళ్ళే. జెస్సీ ఫోను పట్టుకుంటే అందరూ మూగారు. అంజినమ్మ వెనక నిలబడి భుజాల మీదుగా చూసింది. రాళ్ళ క్వారీ. తల మీద రాళ్ళ గంపతో అక్క. పోలీసు డ్రెస్సులో తమ్ముడు. పెళ్ళి పందిరి. చివర్లో తమ్ముడి మొహం మీదే అక్క దబాలున తలుపు వేసేసింది.

"గురువారం సాయంత్రమే ప్రీమియర్ ఉందాంటీ," అంది జెస్సీ. "టికెట్ బుక్ చేసేశా. శుక్రవారం పొద్దున్నే వచ్చి చెప్పేస్తా."

చెప్పేస్తా! ఆ మాట అంజినమ్మ చెవిలో దూరి బయటికి పోలేదు. అంత పెద్ద సినిమాని, ఆ అక్కని, ఆ తలుపుని ఈ పిల్ల రెండు మాటల్లో చెప్పేస్తుంది. మార్కులు కూడా వేస్తుంది.

మరుసటి రోజు అందరూ చుట్టూ కూర్చుని నానబెట్టిన అవరేగింజలు పితుకుతున్నారు. వేళ్ళతో నొక్కితే తోలు ఊడి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అంజినమ్మ గింజ మీంచి తల ఎత్తకుండా అనేసింది. "ఆ కొండమీద అక్కయ్య నేను చూస్తి."

సొన్నమ్మ చెయ్యి ఆగింది. "యాడ చూస్తివే? ఇంకా రిలీజే కాలే!"

"యాడో చూస్తి. నీకు కథ కావల్నా, అడ్రస్సు కావల్నా?"

"కథే చెప్పక్కా," అంది నేత్రావతి.

ఇంక అంజినమ్మకి అడ్డు లేకుండా పోయింది. ట్రైలరులో చూసిన ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి మధ్యలో తన దారం వేసి కుట్టుకుంటూ పోయింది. రాళ్ళు కొట్టి తమ్ముణ్ణి పోలీసు చేసిన అక్క. అక్కని చెరబట్టబోయిన క్వారీ యజమాని. ఆమె ఎత్తిన సుత్తి. పీటల మీంచి లేచి అక్కనే అరెస్టు చేయడానికి కొండెక్కిన తమ్ముడు. అప్పుడు తలుపు. ఆ తలుపు వెనకనుంచి అక్క తిట్టిన తిట్లు అంజినమ్మ ఒక్కొక్కటే చెప్పింది. "నీకు మీసాలొచ్చినాయి కానీ నా చేతి కాయలు మానలేదురా. పోరా, పోయి నీ పెండ్లాం చేతి గోరింట చూసుకో!" తమ్ముడు టోపీ తీసి తలుపు ముందు పెట్టి, ఆ తలుపు బద్దలు కొట్టి, అక్క కాళ్ళ మీద పడ్డాడు. సొన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేత్రావతి పప్పు గిన్నెలో కన్నీళ్ళు పడ్డాయి. మేడ మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో మూసి పెట్టుకుని జెస్సీ కూడా వింటోంది. ఆమె ముక్కు ఎర్రగా ఉంది. అది చూసినప్పుడు అంజినమ్మకి కలిగిన సుఖం ఏ పండక్కీ కలగలేదు.

ఆ సుఖం మూడు రోజులు కూడా నిలవలేదు. గురువారం ప్రీమియర్ రద్దయింది. "మంచిదే అయింది, శుక్రవారం మ్యాట్నీకి అందరం కలిసే పోదాం," అంది జెస్సీ. కథ విన్నాక ఆగలేక నేత్రావతి పిల్లల్ని అత్త మీద వదిలేసి మరీ బయల్దేరింది.

"నేను చూసిందే కదప్పా, సుమ్నే, ఊరికే మళ్ళీ ఎందుకు?" అంది అంజినమ్మ. "నడుం నొప్పి ఉండాది."

"అంత మంచి సినిమా రెండోసారి చూడవా?" అని సొన్నమ్మ ఆమె రెక్క పట్టుకుని ఆటోలో కూలేసింది.

సినిమా మొదలైంది. తమ్ముడు పోలీసు కాదు, డాక్టరు. ఆ పోలీసు డ్రెస్సు పాటలో ఒకసారి వచ్చి పోయింది, అంతే. క్వారీ యజమాని పాపం మంచివాడు, అప్పుడప్పుడు జ్వరం మాత్రలు కూడా ఇస్తాడు. సుత్తి ఎవరి మీదా లేవలేదు. చీకట్లో వరస పొడవునా తలలు ఒక్కొక్కటే అంజినమ్మ వైపు తిరుగుతున్నాయి. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

ఇంటర్వెల్లో దీపాలు వెలగగానే సొన్నమ్మ మొదలుపెట్టింది. "ఏమే అంజినా, నీ పోలీసు యాడికి పోయినాడు? ట్రాన్స్‌ఫర్ అయినాడా?"

"మార్చేసినారు. చివర్లో మార్చినారు వాళ్ళు."

"ఎప్పుడు, నిన్న సాయంత్రమా?"

నేత్రావతి నవ్వు ఆపుకోలేక పాప్‌కార్న్ మింగుడు పడక దగ్గింది. ముందు వరసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. వఠారంలో ఇన్నాళ్ళూ పోగుచేసుకున్న పేరంతా ఆ పాప్‌కార్న్ గింజల్లా కింద పడిపోయిందని అంజినమ్మకి అర్థమైంది. జెస్సీ మాత్రం నవ్వలేదు. నీళ్ళ బాటిల్ ఆమె చేతిలో పెట్టింది. ఆ జాలి చూసి అంజినమ్మకి ఆ బాటిల్ ఆ పిల్ల నెత్తిన వంచాలనిపించింది.

అప్పుడు రెండో సగంలో ఆ తలుపు వచ్చింది.

తమ్ముడు తన పెళ్ళిలో అక్కని అత్తారింటివాళ్ళకి పనిమనిషి అని చెప్పాడు. ఆమె విన్నది. ఏమీ అనకుండా అందరి ఎంగిలి ఆకులూ ఎత్తి కొండకి వెళ్ళిపోయింది. వాడు ఆ తర్వాత ఓర్చుకోలేక వచ్చాడు. ఆమె వాడి మొహం చూసింది, తలుపు వేసింది. తిట్లు లేవు. మ్యూజిక్కు కూడా లేదు. ఇవతల వాడు తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. అవతల ఆమె తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. మధ్యలో ఒక చెక్క. బయట ఎండ మెల్లగా జరుగుతోంది. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటర్వెల్ దాకా వెక్కిరించిన సొన్నమ్మ అంజినమ్మ చెయ్యి పట్టుకుని తొడ మీద గిల్లింది. ఆ గిల్లుడు అంజినమ్మది కాదు. తెర మీద నోరు మూసుకుని కూర్చున్న ఆ మనిషిది. ఆమెని అలా కూర్చోమని చెప్పిన ఇంకెవరిదో.

బయటికి వచ్చాక అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేత్రావతి అంజినమ్మ మొహం చూసి ఓదార్చబోయింది. "ఏమైనా చెప్పు అక్కా, నువ్వు చెప్పిందే బాగుండాది. వాడు కాళ్ళ మీద పడితే నాకు కసి తీరింది."

"నోరు మూసుకోవే!" అని అరిచింది అంజినమ్మ. నేత్రావతి బిత్తరపోయింది. తిరుగుదారిలో జెస్సీ మెల్లగా అడిగింది.

"మీరు చెప్పిన కథ మీదేనా ఆంటీ?"

"నాదే. ఇప్పుడేమంటావు?"

"నేను ఇన్ని రివ్యూలు చెప్పాను కదా, వింటూ ఒక్కరైనా ఏడవలేదు. ఆ రోజు మిమ్మల్ని చూస్తే నాకు భలే కుళ్ళు పుట్టింది."

నెల ముందు ఆ మాట విని ఉంటే అంజినమ్మ వఠారమంతా చక్కెర పంచేది. ఇప్పుడు చెవికి ఎక్కలేదు. జెస్సీ మీద కుళ్ళు ఎప్పుడో చల్లారిపోయింది. ఇప్పుడున్నది ముక్కూ మొహం తెలియని మనిషి మీద. ఆ తలుపు తన కళ్ళ ముందూ ఉండింది. ఆ తలుపు వెనక ఒక పేజీ తిట్లు పెట్టింది తను. ఆ సినిమా తీసినవాడెవడో ఏమీ పెట్టలేదు. పైగా దాన్ని రేపు ఎలా చెప్పాలి? ఇద్దరు కూర్చున్నారు, మాట్లాడలేదు అని చెబితే ఎవరు ఏడుస్తారు? గరిటె లేదు, గిన్నె లేదు, నోట్లో మ్యూజిక్కు లేదు.

ప్రతి సోమవారం ఆమె గడప ముందు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. వెక్కిరింపులు ఆగిపోయి చాలా రోజులైంది. సొన్నమ్మ రెండుసార్లు అడిగింది, "ఏమన్నా చెప్పవే, లేనిదైనా చెప్పు," అని. అంజినమ్మ చెప్పలేదు. ఆ సినిమాకే ఒంటరిగా మళ్ళీ మళ్ళీ పోయి వచ్చిందని అశ్వత్థప్ప అంటాడు. మొన్నొక మధ్యాహ్నం ఇంట్లో తలుపుకి వీపు ఆనించి కూర్చుని, సొన్నమ్మ ఎంత తట్టినా పలకలేదట.

మీలో ఎవరైనా కె.ఆర్.పురం సంత వైపు పోతే కాస్త ఆమె దగ్గర ఆగండి. రైల్వే స్టేషను వైపు గేటు దగ్గర, పచ్చ గోనె పరుచుకుని కూర్చుంటుంది. ఒక కట్ట మెంతికూర తీసుకోండి. వచ్చే శుక్రవారం ఏ సినిమా వస్తోందో, ఎలా ఉంటుందో ఆమెనే అడగండి. హీరో గడ్డాన్ని తిట్టడం మొదలుపెడితే పరవాలేదు, మీ బస్సు పోయినా సరే వినండి. ఆమె చిల్లర మీ చేతిలో పెట్టి ఊరుకుంటే మాత్రం, ఇంకొక కట్ట అడిగి కాసేపు అక్కడే నిలబడండి.