ఎవరూ పలకరించని పిచ్చర్

నిరుడు రిటైరయ్యాను. దానికి ముందు చలికాలం, ఐర్లండ్‌లో డబ్లిన్‌కు ఉత్తరాన ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వృద్ధుల వైద్య విభాగానికి నేను కన్సల్టెంట్‌ని. అంటే వార్డులో ఆఖరి సంతకం నాది. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన పెద్దవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. వాళ్లు ఇంటికి వెళ్లాలా, నర్సింగ్ హోమ్‌కా అన్నది గురువారం సమావేశంలో తేల్చేవాళ్లం.

ఆ వారం వంతు జాన్ జో అనే పెద్దాయనది. ఎనభై దాటాయి. నేవన్ అనే ఊరి అవతల ఒంటరిగా ఉంటాడు, తోడు ఒక కుక్క. నడక కుదుటపడింది. ఇంటికి పోతే చాలు, ఇంకేమీ వద్దంటాడు. చిక్కల్లా కేసు షీటులో రాసిన ఒక్క మాటతో: 'కన్‌ఫ్యూజ్డ్'. మతి తప్పినవాణ్ణి ఒంటరి కొంపకు పంపలేం.

ఎందుకలా రాశారని నా కింద పనిచేసే రిజిస్ట్రార్ డాక్టరు అనూషను అడిగాను. వరంగల్ అమ్మాయి, చురుకైనది.

"సార్, అమెరికాల పైసలకు బేస్‌బాల్ ఆడిన అంటుండు. ఒక మ్యాచ్‌ల టీమోళ్లంతా నాతోని మాట్లాడుడు బంద్ చేసిన్రు, అదే నా లైఫ్‌ల బెస్ట్ డే అంటుండు. అట్ల ఎవరన్న అంటరా?"

నిజమే, అనరు. అయినా వెళ్లి మంచం పక్కన కూర్చుని, వాళ్లెందుకు మాట్లాడలేదని ఆయన్నే అడిగాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా వెళ్లి, బంతి విసరడం అక్కడే నేర్చుకుని, వయసొచ్చాక ఒక చిన్న ఊరి జట్టులో జీతానికి ఆడాడట. పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు. ఒకరోజు తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఎదుటి జట్టులో ఒక్కడికీ బంతిని సరిగ్గా కొట్టి పరుగెత్తే వీలు, అంటే హిట్, దక్కనివ్వలేదు. దాన్ని నో-హిట్టర్ అంటారు. జీవితమంతా ఆడినా చాలామందికి దొరకదు. అది సాగుతున్నంతసేపూ సొంత జట్టువాళ్లు పిచ్చర్ పక్కన కూర్చోరు, ఆ ఊసే ఎత్తరు. పైకి అంటే చెడిపోతుందని భయం.

మన దిష్టే! నవ్వాపుకోలేకపోయాను. క్రికెట్‌లో మనవాడు సెంచరీకి దగ్గరపడి తొంభైల్లో బ్యాటింగ్ చేస్తుంటే, గుంటూరులో మా మేనమామ ఇంట్లో ఎవర్నీ కూర్చున్నచోటి నుంచి కదలనిచ్చేవాడు కాదు.

అయితే ముచ్చటపడి సంతకం పెట్టేయడం వైద్యం కాదు. ఎదిగే వయసులో ఏళ్ల తరబడి బంతి విసిరితే ఆ చేతి పై ఎముక కాస్త మెలితిరిగి పెరుగుతుంది. ముసలితనంలోనూ అది పోదు. ఆయన్ని పడుకోబెట్టి, రెండు మోచేతులూ మడిచి, చేతుల్ని వెనక్కి తిప్పి అనూషకు చూపించాను. బంతి విసిరిన కుడిచెయ్యి ఎడమదాన్ని దాటి ఎంతో వెనక్కి వెళ్లింది. అనూష రెండుసార్లు తిప్పి చూసింది.

అది విసిరాడని చెబుతుంది గానీ, గెలిచాడని చెప్పదు. అందుకే కొలాటరల్ హిస్టరీ, అంటే దగ్గరివాళ్లను విచారించడం. అమెరికాలో ఉన్న చెల్లెలికి అనూష ఫోన్ చేసింది. ఆ మ్యాచ్ రోజున ఆవిడ స్టేడియంలోనే ఉందట. "మళ్లీ మొదలుపెట్టాడా? మా అన్న ఆవేళ బోలెడు వాక్‌లు ఇచ్చాడు, ఆ సంగతి చెప్పాడా?" అని అడిగిందని అనూష నవ్వుతూ వచ్చి చెప్పింది. వాక్‌లంటే మన వైడ్ల లాంటివి. చెప్పలేదు. అడిగితే, దొరికిపోయినవాడిలా దుప్పటి సర్దుకున్నాడు. మతి భేషుగ్గా ఉందని నాకు ఖాయమైంది.

గురువారం కేసు షీటులో 'కన్‌ఫ్యూజ్డ్' అన్న ఆ మాట కొట్టేశాం. మర్నాడు జాన్ జో ఇంటికి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మా వార్డులో ఒక నియమం పెట్టాను: రోగి చెప్పింది అర్థం కాకపోతే 'డాక్టరుకు అర్థం కాలేదు' అని రాయాలి.