ముప్పై ఆరు దగ్గర ఎర్రజెండా

సౌదీలోని జుబైల్‌లో దిగింది జనవరి పదమూడున, ఉదయం ఆరున్నరకు. క్యాంపు గేటు దగ్గర పన్నెండు డిగ్రీలు. సముద్రపు గాలి కోస్తోంది. ఎండల దేశమని పలచటి చొక్కాలతో వచ్చినవాళ్లు బస్సులో ముడుచుకుని కూర్చున్నారు. నేను ఉన్ని జెర్సీ తెచ్చుకున్నాను. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసినవాడు, వెళ్లే చోటి వాతావరణం తెలుసుకోకుండా బయలుదేరడు.

సైన్యంలో నా చివరి నాలుగేళ్లు రాజస్థాన్ సరిహద్దులో గడిచాయి. దీన్నీ అలాంటి పోస్టింగ్‌గానే తీసుకున్నాను. మాది ఒకప్పుడు పన్నెండు ఊళ్ల దేశ్‌ముఖ్ కుటుంబం. నా దాకా మిగిలినవి ఇంటిపేరు, నిటారుగా నిలబడే అలవాటు. ఆ రెండింటితోనే సేఫ్టీ డ్యూటీలో చేరాను.

నూనె ట్యాంకుల మరమ్మతు జరిగే చోట గంటకోసారి ఉష్ణోగ్రత చూడాలి, రిజిస్టర్‌లో రాయాలి. కేబిన్ గోడకు నెలవారీ సగటుల పట్టిక ఉండేది. జనవరికి పదిహేను, ఏప్రిల్‌కు ఇరవై ఏడు, జులైకి ముప్పై ఏడు, సెప్టెంబర్‌కు ముప్పై మూడు. వేసవి మూడు నెలలూ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని ప్రభుత్వమే నిషేధించింది. సెప్టెంబర్ సగంతో ఆ నిషేధం ముగుస్తుంది. ఆ తర్వాత జెండా నా చేతిలో. నలభై దాటితే ఎర్రజెండా ఎత్తాలి, పని ఆగాలి.

కేబిన్ బయట నా చాగల్ వేలాడదీశాను. మందపాటి కాన్వాసు నీళ్ల సంచి. సరిహద్దులో జీపులకు కట్టుకునేవాళ్లం. నీరు బట్టలోంచి ఊరి గాలికి ఆరుతుంది, లోపలిది చల్లబడుతుంది. జులైలో ఉత్తరం నుంచి శమాల్ అనే పొడిగాలి వీస్తుంటే, నలభై నాలుగు డిగ్రీల్లో కూడా ఆ నీళ్లు పళ్లు జిల్లుమనిపించాయి. వెల్డర్ రాజేశం రోజూ వచ్చి తాగేవాడు. జగిత్యాల దగ్గరివాడు. ఇంట్లో కుండ నీళ్లు గుర్తొస్తున్నాయనేవాడు.

ఆ ఏడే నితాకత్ అనే నిబంధన వచ్చింది. సౌదీలను తగినంత మందిని పెట్టుకోని కంపెనీలను ఎరుపు జాబితాలో వేశారు. మాది ఎరుపులో పడింది. ఇక మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. రాజేశంది సెప్టెంబర్ ముప్పైతో ఆఖరు. ఆలోపు ట్యాంకు పూర్తిచేస్తే అతని జట్టును ఆకుపచ్చలో ఉన్న ఇంకో కంపెనీ తీసుకుంటుంది. లేకపోతే ఎగ్జిట్ వేసి ఇంటికి పంపేస్తారు.

సెప్టెంబర్ ఇరవై రెండు. మధ్యాహ్నం పన్నెండుకు ముప్పై ఆరు. నలభై దాటలేదు. పని చేయొచ్చని రేడియోలో చెప్పాను. గాలి దిశ మారి ఆగ్నేయం నుంచి, సముద్రం మీదుగా వస్తోంది. పన్నెండూ నలభైకి చాగల్ ఎత్తి తాగాను. సంచి బయటంతా తడి, అడుగున చుక్కలు కారుతున్నాయి. లోపల నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. ఈ గాలి తడిని తీసుకోవడం లేదు. సంచి మీది తడే ఆరనప్పుడు మనిషి ఒంటి మీది చెమట ఎలా ఆరుతుంది? ఎడారి లెక్కను సముద్రపు ఒడ్డున వాడాను. నలభై నిమిషాలు తప్పు చేశాను. ఎర్రజెండా ఎత్తాను.

రేడియోలో ఫోర్‌మన్ గొంతు వెంటనే వచ్చింది. ఆయనది కాకినాడ.

"హవల్దార్ గారూ, మీటరు ఎంతుందండీ?"

"ముప్పై ఆరు."

"మరి జెండా దేనికండీ?"

"సంచిలో నీళ్లు చల్లబడలేదు."

"నీళ్ల సంచిని చూసి షట్‌డౌన్ పని ఆపేత్తారా? ఆఫీసుకేం చెప్పమంటారండీ?"

"నా పేరు చెప్పండి. మనుషుల్ని బయటికి పంపండి."

పదకొండు మంది బయటికి వచ్చారు. చివర రాజేశం. నేరుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీరు దొరలు సార్. జెండా ఎత్తుతరు, నీడకు నిలవడతరు. మాకు పని ఆగితే ఇంటికే."

"అవును, దొరనే. నీడల కూసో."

కూర్చోలేదు. వెనక్కి తిరిగి ట్యాంకు నిచ్చెన పట్టుకున్నాడు. మూడో మెట్టు మీద చెయ్యి జారింది. కింద పడకుండా పట్టుకున్నాను. ఒళ్లు కాలుతోంది. ఏ ఊరని అడిగితే చెప్పలేకపోయాడు. చొక్కా విప్పి, చంకల్లో, మెడ మీద ఐసు పెట్టి, కేబిన్ ఏసీ కింద పడుకోబెట్టాం. అంబులెన్స్ వచ్చేసరికి ఊరి పేరు చెప్పాడు.

శమాల్ తిరిగి వచ్చేదాకా నాలుగు రోజులు మధ్యాహ్నం జెండా దించలేదు. ఫోర్‌మన్ మళ్లీ అడగలేదు. ట్యాంకు అక్టోబర్ రెండున పూర్తయింది. రెండు రోజుల ఆలస్యం. జట్టు మొత్తానికి ఎగ్జిట్ పడింది, నాకూ పడింది. నా స్థానంలోకి వచ్చిన సౌదీ యువకుడికి పోస్టు అప్పగించేటట్టే రిజిస్టర్ అప్పగించాను. ముందు అంకె, తర్వాత తడిబట్ట చూడాలని చేసి చూపించాను.

శంషాబాద్‌లో సామాను కోసం నిలబడ్డప్పుడు రాజేశం పక్కకొచ్చాడు.

"ఆ సంచి నాకిస్తరా సార్? మా దిక్కయితే నీళ్లు సల్లవడ్తయ్."

ఇచ్చాను.

ఇప్పుడు సంచి నా దగ్గర లేదు. అయినా కళ్ల ముందునుంచి పోలేదు. కదలని ఎర్రజెండా కింద అది వేలాడుతుంది. నీడలో పది మంది నన్నే చూస్తుంటారు, ఒకడు నిచ్చెన వైపు నడుస్తుంటాడు. సంచి అడుగునుంచి చుక్క తర్వాత చుక్క ఇసుకలో పడుతుంది. లోపల నీళ్లు వెచ్చగానే ఉంటాయి.