ఫాస్టు రంగు

ఒక్క ఇంగ్లీషు ముక్కతో నా పెళ్లిని నేనే ఎలా తగలబెట్టుకోబోయానో చెబుతాను. నవ్వండి కానీ, మా ఆవిడకు వినబడేలా నవ్వకండి.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. షోలాపూర్‌లో మా సాలె గల్లీ మొత్తానికి నాలుగు ఇంగ్లీషు తరగతులు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. నా విస్తరి ఇంగ్లీషులో ఎగిరేది.

ఒకరోజు మా చీరలు కొనే బొంబాయి వ్యాపారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రెండే ముక్కలు: "కలర్స్ ఫాస్ట్. సెండ్ మోర్."

"ఏం రాసిండు కొడుకా?" అన్నాడు నాయన, మగ్గం గుంతలోంచి తలెత్తి.

ఫాస్ట్ అంటే వేగం. గుర్రం ఫాస్ట్, రైలు ఫాస్ట్. మరి రంగు ఫాస్ట్ అంటే?

"మన రంగు చీర ఇడిసి ఉరుకుతున్నదట నాయనా!"

"మోర్ అంటే మరాఠీల నెమలి గదరా. నెమలిని పంపుమన్నడా?"

"కాదు, ఇంకా పంపుమన్నడు. ఎగతాళి! పంపుండ్రి, మీ తమాషా ఇంకా జూస్త అని."

అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో ఆ భూతానికి వెంటనే పేరు కూడా దొరికింది: మా నూలుకు రంగు వేసే మల్లయ్య మామ. వచ్చే నెల నాకు పిల్లనివ్వబోతున్న మామ!

అవ్వ, బొంబాయికి పంపిన రంగుదే ఇంట్లో ఉన్న చీరను బకెట్లో ముంచింది, పిసికింది, బండకేసి బాదింది. నీళ్లు కొబ్బరినీళ్లలా తేటగా ఉన్నాయి.

"సుక్క రంగన్న పోలే గదరా!"

"గదే మోసం! మనం జూస్తమని ఇంటి చీరకు మంచి రంగేసిండు. బొంబాయి చీరలకు కచ్చా రంగు!"

చూశారా తెలివి? పోలీసులకైనా తట్టదు. నాయనను వెంటబెట్టుకుని వెళ్లి, రంగు కాగు దగ్గర నిలబడ్డ మామ ముందు అదే మాట అన్నాను.

మామ మోచేతుల దాకా నీలంగా ఉన్న చేతులు నా ముక్కు కిందికి చాపాడు. "ముప్పై ఏండ్ల సంది కడుగుతున్న. నా తోలుకంటిందే పోలే, చీరకంటింది పోతదా? ఎవడన్నడు?"

"కార్డు అన్నది మామా."

"నడు, మాస్టర్‌తో సదివిస్త. నీ మాట తప్పయితే పెండ్లి బంద్!"

మరాఠీ బడి మాస్టరు కార్డు చదివి, కళ్లజోడు తీసి, నన్ను దొంగను చూసినట్టు చూశాడు. "ఫాస్ట్ మ్హణజే పక్కా! రంగు పోదు, ఇంకా పంపండి అని మెచ్చుకున్నాడు!"

ఆ మాటకు మొదటి అర్థం 'గట్టిగా, కదలకుండా' అనట. వేగం తర్వాత వచ్చి చేరిందట. గట్టిగా పట్టుబట్టి అన్నం మానేసినా ఫాస్టేనట. నా కాళ్ల కింద నేల మాత్రం అస్సలు ఫాస్టుగా లేదు.

"తప్పయింది బావా," అన్నాడు నాయన మామతో. "మరి... పెండ్లి?"

మామ మీసం దువ్వి, "ఫాస్ట్," అని వెళ్లిపోయాడు.

పక్కానా? పరారా? అడిగే ధైర్యం లేక నెలంతా అనుమానంతో సగమయ్యాను. పెళ్లయితే జరిగింది. బంతి మీద బంతి భోంచేసి లేచింది. నాకు మాత్రం ఆకు పడలేదు. సాయంత్రానికి కళ్లు తిరుగుతుంటే మామ నా చెవిలో అన్నాడు:

"అల్లుడా, మూడో ఫాస్ట్ గూడ సమజయిందా?"

పసుపు బట్టల సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: కడుపునిండా తిన్న తర్వాత తప్ప, ఈ జన్మలో ఏ ఇంగ్లీషు మాటకూ అర్థం చెప్పను.