మూడు రోజుల సెన్సర్ అంకెలు

రేపు ఉదయం కాలేజీలో మా ప్రాజెక్టు కారు ఇంజన్ ట్యూనింగ్ చూపించాలి. పొగగొట్టంలో పెట్టిన ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్ చాలడం లేదంటోందని, మూడు రోజులుగా లాప్‌టాప్‌లో అంకెలు లాగ్ చేస్తూ, పెట్రోల్ పెంచుతూ వచ్చాను. అయినా ఇంజన్ ముక్కుతూనే ఉంది. ఈ మధ్యాహ్నం వ్యాసర్పాడిలో మెకానిక్ రమణయ్య మామ స్పార్క్ ప్లగ్గు విప్పాడు. అది మసితో నల్లగా ఉంది.

"పెట్రోల్ జాస్తి అయిపోయుండాదిరా. సెన్సర్‌కి ముందర గొట్టం చీలుండాది సూడు. ఆడ్నించి బయటి గాలి దూరతా ఉంటే, నీ సెన్సర్ దాన్నే కొలస్తా ఉండాది," అన్నాడు.

"మరి నేను లాగ్ చేసిన అంకెలన్నీ?"

"సదువుకున్నోడివి, నువ్వే చెప్పప్పా."

చీలికకు మామ వేసిన వెల్డింగ్ చల్లారగానే మాధవరం రోడ్డు మీద మళ్లీ మొదటి నుంచి లాగ్ చేయాలి. అందాకా కుదురుగా కూర్చోలేక ఇది రాస్తున్నాను. తప్పుడు అంకెలను ఇంత శ్రద్ధగా పోగుచేసినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?