నిండుకున్న మిషను

మా మనవరాలు వనజాక్షిది ముత్తుకూరులో ఒక కంపెనీలో కాపలా ఉద్యోగం. కర్ర పట్టుకునే కాపలా కాదు. రొయ్యల గుంటల దగ్గర షెడ్లలో సర్వర్లని మిషన్లు ఉంటాయి. నీళ్లలో గాలి ఎంతుందో అవి రాసుకుంటాయి, తగ్గితే రైతు ఫోను మోగిస్తాయి, అతను నీళ్లలో గాలి కొట్టే ఏరియేటర్లు వేసుకుంటాడు. ఆ మిషన్లకు జబ్బు చేస్తే ఈ పిల్ల తెరమీద ఎర్రగా పడుతుంది. నా పెళ్లప్పుడు నాకు కూడా ఇంత కాపలా లేదు.

అల్లూరులో నా చిన్నకొడుకు చిన్నపోలయ్య గుంట ఆ ఫోనునే నమ్ముకుని ఉంది. రొయ్య పట్టుబడికి వచ్చింది. అది పోతే వాడు మళ్లీ లేవలేడు.

ఆ వారం పాత మిషన్లు ఆపి కొత్తవి పెడుతున్నారు. ఆపినవి తెరమీద ఊరికే ఎర్రగా పడి ఉంటాయి కాబట్టి, షెడ్డువాళ్లు ఫోను చేయగానే పిల్ల వాటి పేర్లు తీసేయాలి. నల్ల తెరమీద ఏదో స్క్రిప్టు కొడుతుంది, పేరు మాయం. ఇక దాన్ని కాసేవాళ్లుండరు.

పిల్ల మా ఇంట్లో కూర్చుని పనిచేస్తుంటే అల్లూరు షెడ్డు చూసే పెంచలయ్య ఫోను చేశాడు.

"మేడం, మన మిషను నిండుకునింది."

"సరే అన్నా, తీసేస్తాలే."

"ఆ, తీసేయండి మేడం, పీడా పోతాది."

మా ఇళ్లల్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనము. నిండుకున్నాయంటాము. నా వంటింట్లో పెరిగిన పిల్ల, తెరమీద అది ఎర్రగా ఉండటం చూసి, పాత మిషను పని అయిపోయింది, కొత్తది వచ్చేసింది అనుకుంది. పేరు తీసేసింది. పెంచలయ్య చెప్పింది నిజంగా నిండడం. మిషనులో రాసుకునే చోటు లేదు. రాయలేకపోతే అది ఫోను మోగించదు. పిల్ల తీసేస్తానన్నది లోపల పేరుకున్న పాత రాతలననుకుని అతను నిశ్చింతగా ఇంటికి పోయాడు.

మర్నాడు మబ్బు కమ్మింది. ఆకు కదలలేదు. అట్లాంటి రోజే గుంట నీళ్లలో గాలి తగ్గేది.

"ఏమే, నీ తెర ఎట్టుండాది?"

"అంతా పచ్చగా ఉండాది అమ్మమ్మా."

"ఏడ్చే బిడ్డ ఊరకుంటే ముందు ఒళ్లు పట్టి చూడాల."

"నీ నోట మంచి మాటే రాదు గదా."

అప్పుడే చిన్నపోలయ్య ఫోను చేశాడు. "వనజా, గుంటమీద కొంగలు దిగతా ఉండాయి. నా ఫోనైతే మోగలేదు. ఏం లేదు గదా?"

రొయ్య గాలాడక పైకొస్తేనే కొంగలు దిగేది. పిల్ల తెరమీద అల్లూరు కోసం వెతికింది. పేరే లేదు, పాతదీ కొత్తదీ. ఆ పేరు మళ్లీ ఎక్కించింది. ఎక్కీ ఎక్కగానే, రాసుకునే చోటు లేదని ఎర్రగా వెలిగింది.

"మామా, ఏరియేటర్లన్నీ వెయ్యి. పరిగెత్తు."

వాడు కట్టమీద పరిగెత్తే చప్పుడు ఫోనులో వినపడింది. తరువాత ఆగిపోయింది.

"వెయ్యి మామా."

"వేసి ఏం చేసేది పాపా," అన్నాడు. "అంచునంతా రొయ్యలు తెల్లగా తేలిండాయి."